వైకికీ బండల వారసురాలు

హవాయి వెళ్లినవాళ్లలో వైకికీ బీచ్ చూడకుండా తిరిగొచ్చేవాళ్లు తక్కువ. హోనలులు నగరంలోని ఆ బీచ్‌లో, పోలీసు ఔట్‌పోస్టు పక్కనే, చిన్న కంచె లోపల నాలుగు పెద్ద బండలుంటాయి. ఒక్కోటి కొన్ని టన్నుల బరువు. తడి తువ్వాలు భుజాన వేసుకున్న టూరిస్టులు, సర్ఫింగ్ పలకలు చంకన పెట్టుకున్న కుర్రాళ్లు వాటి పక్కనుంచే నీళ్లలోకి పోతుంటారు. ఆగి చూసేవాళ్లు అరుదు. ఆగినవాళ్ల కోసం చాలాకాలంగా అక్కడొక ఫలకం ఉండేది. వందల ఏళ్ల కిందట తహితి వైపు నుంచి నలుగురు వైద్యులు సముద్రం దాటి వచ్చారట. ఇక్కడి జనానికి రోగాలు నయం చేశారట. పోతూపోతూ తమ శక్తిని ఈ బండల్లో నిలిపి వెళ్లారట. కథ మొత్తం చెప్పిన ఫలకం ఒక్క సంగతి మాత్రం మింగేసింది. ఆ నలుగురూ పూర్తిగా మగవాళ్లు కారు, పూర్తిగా ఆడవాళ్లూ కారు. అలాంటివాళ్లను హవాయిలో మాహూ అంటారు. కథ పేరే కపాయెమాహూ. పేరులో ఉన్న మనుషులు ఫలకంలో లేరు.

వాళ్లను మళ్లీ కథలోకి తెచ్చిన ఆవిడ పేరు హినాలెయిమోఆనా వాంగ్-కాలు. హవాయి అంతా ‘కుము హినా’ అంటారు. కుము అంటే గురువు. ఆమె ట్రాన్స్ మహిళ, హవాయి మూలవాసి. పాటలు కడుతుంది, మంత్రంలా సాగే పాత గేయాలు పాడుతుంది, నాట్యం నేర్పుతుంది, కథలు రాస్తుంది, సినిమాలు తీస్తుంది. ఆమె సహ దర్శకత్వంలో వచ్చిన ఎనిమిది నిమిషాల యానిమేషన్ చిత్రం ‘కపాయెమాహూ’ 2021లో ఆస్కార్ తుది వడపోతలోని పది లఘుచిత్రాల్లో ఒకటైంది.

ట్రాన్స్ కళాకారుల మీద రాసేటప్పుడు మన పత్రికలకు అలవాటైన దారి ఒకటుంది. చిన్నప్పటి అవమానాలు, ఇంట్లోంచి గెంటివేత, పోరాటం, చివర్లో శాలువా. హినా గురించి అలా రాస్తే ఆమె పని మొత్తం పక్కకు పోతుంది. బడిలో ఏడిపించారు, కష్టపడింది, అదంతా నిజమే. కానీ తనను ఒప్పుకోమని ఆమె ఎవరి గడపా తొక్కలేదు. మా పెద్దల కథలోంచి మీరు కొట్టేసిన వాక్యం ఇదిగో అని ఎత్తి చూపించడమే ఆమె చేస్తూ వచ్చిన పని. గడుసు పని.

పునాదుల కింద

ఈ కథ కాగితం మీదికెక్కింది 1906లో. జేమ్స్ బోయ్డ్ అనే ఆయన పెద్దల నోట విన్నది రాసిపెట్టాడు. మరుసటి ఏడాది హోనలులు వార్షిక సంచిక ఒకదానిలో అది అచ్చయింది. వచ్చినవాళ్లు ఆజానుబాహులనీ, మాటతీరు, నడత మాత్రం ఆడవాళ్లలా మృదువుగా ఉండేవనీ ఆయన దాచకుండా రాశాడు. వాళ్ల హస్తవాసి దీవి అంతా పాకింది. తిరిగి వెళ్లే వేళకు జనం జ్ఞాపకంగా ఏదైనా నిలపాలనుకున్నారు. కైముకీ దగ్గర్నుంచి నాలుగు భారీ బండల్ని వేలమంది కలిసి ఒక్క రాత్రిలో సముద్రపు ఒడ్డుకు చేర్చారు. రెండింటిని ఆ నలుగురూ ఉన్న చోట, రెండింటిని వాళ్లు స్నానమాడిన చోట నిలబెట్టారు. ఒక్కో బండకు ఒక్కొక్కరు తమ పేరు పెట్టి, తమ శక్తి ధారపోశారు. పున్నమి నుంచి పున్నమి దాకా పూజలు సాగాయి. ఆ తర్వాత వాళ్లు మళ్లీ ఎవరి కంటా పడలేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ బండలు బయటపడిన స్థలం ఆర్చిబాల్డ్ క్లెగ్‌హార్న్‌ది. స్కాట్లండ్‌లో పుట్టిన ఆయన హవాయి రాకుమారి లికెలికెను పెళ్లాడాడు. సింహాసనానికి చివరి వారసురాలు కైయులాని ఆయన కూతురే. బండల్ని ఎవరూ కదిలించకూడదని, పాడు చేయకూడదని వీలునామాలో రాసి 1910లో పోయాడు. వీలునామా ముప్పై ఏళ్లు నిలిచింది. 1941లో ఆ స్థలంలో బౌలింగ్ ఆట కోసం భవనం కట్టారు. బండలు దాని కిందికి పోయాయి. రోగం తగ్గించమని జనం మొక్కిన రాళ్ల మీద ఇరవై ఏళ్లకు పైగా బౌలింగ్ బంతులు దొర్లాయి. 1960లలో బీచ్ కోసం ఆ భవనాన్ని పడగొట్టాక బండలు మళ్లీ వెలుగు చూశాయి. తర్వాత ఒకటి రెండు చోట్లకు మారి, 1997లో ఇప్పుడున్న కంచె, వేదికతో కుదురుకున్నాయి.

ఇలా పైకి తీసినప్పుడల్లా కథనూ కొత్తగా రాశారు. రాసిన ప్రతిసారీ మాహూల ఊసు కాస్త పలచబడింది. ‘మాంత్రికుల రాళ్లు’ అన్నారు, ‘వైద్యుల రాళ్లు’ అన్నారు. మగా ఆడా కాని నలుగురికి ఊరు ఊరంతా మొక్కింది అన్న ముక్కను మాత్రం పిల్లాపాపలతో వచ్చే టూరిస్టుల ముందు పెట్టడానికి ఎవరికీ నోరు రాలేదు.

దీన్ని ఏదో ఒక్క గుమాస్తా పిరికితనం అని వదిలేయలేం. 1820లో అమెరికా మిషనరీలు హవాయిలో దిగారు. పదేళ్లు తిరిగేసరికి, క్రైస్తవం పుచ్చుకున్న రాణి కాహుమాను బహిరంగంగా హులా నాట్యం ఆడడాన్ని నిషేధించింది. 1893లో అమెరికన్ వ్యాపారులు, తోటల యజమానులు కలిసి రాణి లిలియూఒకలానిని గద్దె దింపారు. మూడేళ్ల తర్వాత వచ్చిన చట్టం బళ్లలో హవాయి భాషలో చదువు చెప్పే వీలు లేకుండా చేసింది. సొంత భాష మాట్లాడితే పిల్లలు దెబ్బలు తిన్న రోజులవి. నాట్యం, భాష, రాజ్యం ఒకదాని వెంట ఒకటి పోయాక, ఆ మూడింటితో ముడిపడి బతికిన మాహూలకు గౌరవం మిగిలే దారేది? గేయాలు కంఠస్థం చేసేది, నాట్యం తర్వాతి తరానికి అప్పజెప్పేది వాళ్లలో చాలామంది. హవాయి వీధి భాషలో ‘మాహూ’ అన్న పిలుపే తిట్టుగా మారిపోయింది.

1960లలో హోనలులు చైనాటౌన్‌లో గ్లేడ్ అని ఒక క్లబ్బు ఉండేది. అక్కడ ఆడవేషంలో పాడి ఆడే కళాకారులు షో అయ్యాక వీధిలోకి రావాలంటే బట్టల మీద ఒక బటన్ పెట్టుకోవాలి. ‘నేను అబ్బాయిని’ అని దాని మీద రాసి ఉండాలి. లేకపోతే మోసం చేసే ఉద్దేశంతో ఆడవేషం వేశారంటూ పోలీసులు కేసు రాసేవాళ్లు. ఇది చదివి అయ్యో అనుకునే ముందు మన ఇంటి సంగతీ చూసుకోవాలి. 1919లో హైదరాబాద్ రాజ్యంలో వచ్చిన చట్టం ప్రకారం హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కాలి. ఆడబట్టలు కట్టి, నగలు పెట్టి వీధిలో కనబడ్డా, ఆడినా పాడినా వారెంటు అక్కర్లేకుండా అరెస్టు చేయొచ్చు. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టేసే దాకా అది మన చట్టాల పుస్తకంలో హాయిగా ఉంది.

రెండు దండలు

హినా 1972లో ఒఆహు దీవిలో పుట్టింది. ఒంట్లో హవాయి రక్తంతో పాటు చైనా, పోర్చుగీసు, ఇంగ్లిషు పాయలూ ఉన్నాయి. హవాయిలో ఇది మామూలే, చెరకు తోటల్లో పనికి ఎక్కడెక్కడి నుంచో మనుషుల్ని దించిన దీవులవి. హవాయి మూలవాసి పిల్లల కోసం రాజవంశపు ఆస్తితో నడిచే కామెహామెహా విద్యాసంస్థల్లో చదివి, 1990లో బయటికొచ్చింది. ఆపై మానోఆలోని విశ్వవిద్యాలయం. యవ్వనంలోకి అడుగుపెట్టాక అమ్మాయిగా బతకడం మొదలుపెట్టింది. 2001లో తన తోటి ట్రాన్స్ మహిళల కోసం ‘కులియా నా మామో’ అనే సంస్థను నిలబెట్టినవాళ్లలో ఆమె ఒకరు.

ఆమె చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బడి పంతులమ్మ ఉద్యోగం. హోనలులులో హవాయి సంస్కృతి పునాదిగా నడిచిన హాలావు లోకాహి అనే చిన్న బడిలో పదమూడేళ్లు సంస్కృతి విభాగం చూసింది. ఆ రోజుల్లో తీసిన డాక్యుమెంటరీయే 2014లో వచ్చిన ‘కుము హినా’. మరుసటి ఏడాది అమెరికా ప్రజా టెలివిజన్‌లో ప్రసారమై దేశమంతా చేరింది.

అందులో ఏడాది చివరి ప్రదర్శనకు పిల్లల్ని సిద్ధం చేస్తుంటారు. మగపిల్లల హులా బృందంలోకి ఆరో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి చేరుతుంది. గొంతెత్తితే గోడ అదురుతుంది, అడుగు వేస్తే నేల పలుకుతుంది. ఆమె పక్కన పై తరగతి కుర్రాళ్లు, సిగ్గుతో సగం గొంతు, సగం అడుగు. హినా ఆ పిల్లను పక్కకు తీసుకెళ్లి ఓదార్చదు, ఉపన్యాసమూ ఇవ్వదు. కుర్రాళ్లకే చీవాట్లు పడతాయి. మీ అందరిలో ఎక్కువ మగటిమి చూపిస్తున్నది ఈ అమ్మాయే, సిగ్గు లేదా అన్న ధోరణిలో. మరోచోట పిల్లలకు పూలదండలు పంచుతారు. అబ్బాయిలకు ఒక రంగు, అమ్మాయిలకు ఒక రంగు. ఆ పిల్ల మెడలో రెండూ పడతాయి. హినా మెడలోనూ రెండే. ఎవరూ చప్పట్లు కొట్టరు, కళ్లు తుడుచుకోరు. పిల్లలు తమ దండలు సర్దుకుంటారు, రిహార్సల్ సాగుతుంది. లింగం మీద వంద సెమినార్లు పెట్టినా చెప్పలేనిది ఆ దండల పంపకంలో ఉంది.

ఆ సినిమా హినాను దేవతను చేయలేదు, అదొక మేలు. టోంగా మూలాలున్న భర్తతో గొడవలు, అనుమానాలు, అలకలు, ఫోన్లో అరుపులు అన్నీ ఉంటాయి. పొద్దున బడిలో అందరూ అమ్మలా చూసే మనిషి, రాత్రి ఇంట్లో మామూలు పెళ్లాంలా ఏడుస్తుంది. కొంతమందికి ఆ భాగాలు ఇబ్బందిగా తోచాయి. నాకైతే అవి లేకుంటే సినిమా పాఠ్యపుస్తకం అయ్యేదనిపించింది.

ఆ సినిమా తీసింది డీన్ హేమర్, జో విల్సన్ అనే జంట, ఇద్దరూ అమెరికా ప్రధాన భూభాగం నుంచి వచ్చినవాళ్లు. హేమర్ పేరు వేరేచోట విన్నవాళ్లుండొచ్చు. 1993లో మగవాళ్లలో స్వలింగ ఆకర్షణకూ ఎక్స్ క్రోమోజోములోని ఒక భాగానికీ సంబంధం ఉందని ప్రకటించి ప్రపంచమంతా చర్చ లేపిన జన్యు శాస్త్రవేత్త ఆయనే. ఆ మనిషి ప్రయోగశాల వదిలి, కెమెరా పట్టుకుని, జన్యువుల ఊసే లేని దీవి కథల దగ్గర తేలడం నాకు సరదాగా ఉంటుంది. సరదా సంగతి అటుంచితే, ఆ సినిమాలో హినా పాత్రధారి మాత్రమే. కెమెరా వాళ్లది, కూర్పు వాళ్లది. తర్వాతి పదేళ్లలో ఆమె చేసిన ప్రయాణమంతా కెమెరా అటు నుంచి ఇటు రావడమే.

బడి పనితో పాటే ఆమె ఒఆహు దీవి శ్మశాన మండలికి అధ్యక్షత వహించింది. వినడానికి వింతగా ఉన్నా హవాయిలో ఇది బరువైన పదవి. 1980ల చివర్లో మావి దీవిలోని హోనోకహువాలో హోటల్ కోసం తవ్వితే వెయ్యికి పైగా పూర్వీకుల అస్థికలు బయటపడ్డాయి. జనం తిరగబడ్డారు, హోటల్ వెనక్కి జరిగింది, దీవికో మండలి వచ్చింది. అప్పటినుంచీ రైలు స్తంభం కోసమో, ఆకాశహర్మ్యం కోసమో తవ్విన గుంటలో పెద్దల ఎముకలు కనబడితే వాటిని అక్కడే ఉంచాలా, వేరేచోట పూడ్చాలా అన్న మాట ఈ మండళ్ల ముందుకొస్తుంది. బిల్డర్లు, ఇంజనీర్లు, లాయర్లు కూర్చున్న గదిలో పొడుగు జుట్టు, చెవి వెనక పువ్వుతో హినా అధ్యక్ష స్థానంలో ఉండేది. భూమి కింద ఏముందో, పైన ఏం కడుతున్నారో ఆమెకు అక్కడ బాగా అర్థమై ఉంటుంది. వైకికీ బండల కథను ఆమె వదలకపోవడానికి ఇదీ ఒక కారణమని నా ఊహ.

నీఇహావు పలుకు

2018లో వచ్చిన ‘లేతీస్ ఇన్ వెయిటింగ్’ నాటికి హినా దర్శకుల వరసలోకి వచ్చేసింది. టోంగా రాజ్యంలో లేతీలు అనే ట్రాన్స్ మహిళల మీద తీసిన డాక్యుమెంటరీ అది. ఒకవైపు రాజకుటుంబం వాళ్లను ఆదరిస్తుంది, మరోవైపు చర్చి ప్రసంగాల్లో నిప్పులు కురుస్తాయి. ఆ తర్వాత మళ్లీ సొంత ఒడ్డుకు వచ్చింది.

‘కపాయెమాహూ’ కోసం హేమర్, విల్సన్‌లతో కలిసి బోయ్డ్ పాత కథనం దాకా వెళ్లింది. ఇంగ్లిషులో నిద్రపోతున్న కథను ఏ భాషలో లేపాలన్నది అసలు ప్రశ్న. ఇంగ్లిషులో చెబితే ప్రపంచానికంతా చేరుతుంది. బళ్లలో ఇప్పుడు నేర్పే హవాయి భాషలో చెబితే ఊరివాళ్లకు చేరుతుంది. ఆమె ఈ రెండూ కాకుండా నీఇహావు దీవి పలుకును ఎంచుకుని, తన గొంతుతోనే కథ చెప్పింది.

నీఇహావు సంగతి చిత్రమైనది. 1864లో సింక్లెయిర్ కుటుంబం ఆ దీవి మొత్తాన్ని ఐదో కామెహామెహా రాజు దగ్గర పదివేల డాలర్లకు కొనేసింది. ఇప్పటికీ వాళ్ల వంశమే యజమాని. పిలుపు లేకుండా బయటివాళ్లు అడుగు పెట్టలేరు. మూలవాసి భూమి ఒక తెల్ల కుటుంబం సొత్తు కావడం అన్యాయమే, కానీ అదే కంచె వల్ల అక్కడ హవాయి భాష తెగలేదు. మిగతా దీవుల్లో 1896 చట్టం తర్వాత భాష చచ్చి, 1980ల్లో శిశు పాఠశాలలతో మళ్లీ ప్రాణం పోసుకుంది. నీఇహావులో మాత్రం తల్లి నోటి నుంచి బిడ్డ నోటికి ఆగకుండా వచ్చింది. హోనలులులో ‘క’ వినబడే చాలా చోట్ల అక్కడ ‘త’ వినబడుతుంది. మిషనరీలు అచ్చు కోసం అక్షరాలు కుదించకముందు ఉన్న పలుకుబడి అది. కథ ఏ చెవులు మొదట విన్నాయో ఆ చెవులకు దగ్గరగా చెప్పాలన్న పట్టుదల అందులో ఉంది. సబ్‌టైటిల్సు లేకుండా చూస్తే నాకొక్క ముక్కా అర్థం కాలేదు, అయినా ఆ గొంతు ఎత్తుపల్లాలు చెవిలో నిలబడ్డాయి.

బొమ్మల బాధ్యత డేనియల్ సూసాది, ‘ఫెరల్’ అనే లఘుచిత్రంతో అంతకుముందే ఆస్కార్ నామినేషన్ అందుకున్నవాడు. మట్టి రంగులు, చెట్టు బెరడు గుడ్డ మీద అద్దినట్టున్న గరుకు, చీకట్లోంచి ఉబికే వెలుగు. నలుగురు వైద్యుల దేహాలు కొండల్లా కదులుతాయి. ఏది మగ గీత, ఏది ఆడ గీత అని చూసే కన్ను వెతుక్కుంటుంది, దొరకదు. ఒక చిన్న పిల్ల కళ్లతో ఇదంతా చూస్తాం. నాకు ఒకే ఒక అసంతృప్తి. బండలు భూమిలోకి పోయి, మీద కట్టడాలు లేచిన శతాబ్దం చివర్లో గబగబా గడిచిపోతుంది. ఆ చెరిపివేత ఎలా జరిగిందన్నదే కదా కోపం తెప్పించే భాగం, అక్కడ ఇంకో రెండు నిమిషాలు నిలిస్తే బాగుండేది.

2020లో ట్రైబెకా చిత్రోత్సవానికి ఎంపికయ్యేసరికి కరోనా వచ్చి థియేటర్లు మూతపడ్డాయి. అయినా సినిమా ఇంటింటా తిరిగింది. ఆస్కార్ తుది అయిదులోకి మాత్రం రాలేదు. 2022లో హవాయి భాష, ఇంగ్లిషు పక్కపక్కనే ఉన్న పిల్లల పుస్తకంగా వచ్చింది. అదే ఏడాది హోనలులులోని బిషప్ మ్యూజియం బండల మీద నెలల తరబడి ప్రదర్శన పెట్టింది. 2023లో నగర పాలక సంస్థ వైకికీలో కొత్త సమాచార ఫలకం నిలబెట్టింది. అందులో మాహూలు ఉన్నారు. ఫోనుతో స్కాన్ చేస్తే కథంతా తెరుచుకుంటుంది. సినిమా తీసి ప్రభుత్వ బోర్డు మార్పించిన దర్శకులు ఎంతమంది ఉంటారు?

రాజకీయాల్లో మాత్రం ఆమెకు కలిసి రాలేదు. 2014లో హవాయి మూలవాసుల వ్యవహారాల బోర్డుకు పోటీ చేసి ఓడిపోయింది.

కానీ బోర్డులో కూర్చున్నవాళ్లకన్నా ఎక్కువ దూరం వెళ్లింది ఆమె కట్టిన పాట. ‘కూ హాఅహెఓ ఎ కుఉ హవాయీ’ అనే ఆ పాట, గర్వంగా నిలబడమని నేలను పిలిచే పాట, 2019లో మౌనకేయా పర్వతం దగ్గర రోజూ మోగింది. హవాయియన్లకు ఆ పర్వతం పుణ్యస్థలం. దాని మీద ముప్పై మీటర్ల వ్యాసమున్న అద్దంతో భారీ టెలిస్కోప్ కట్టే యంత్రాలు పైకి వెళ్లకుండా జనం రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. జూలై 17న ముప్పై మందికి పైగా వృద్ధులను పోలీసులు అరెస్టు చేశారు, కొందరిని చక్రాల కుర్చీల్లో తీసుకెళ్లారు. ఆ ఎండలో, ఆ చలిలో జనం చేతులు కదుపుతూ కలిసి పాడింది హినా పాట. యంత్రాలు పైకి వెళ్లలేకపోయాయి.

ఆ టెలిస్కోప్‌లో మనకూ వాటా ఉంది. అమెరికా, కెనడా, జపాన్‌లతో పాటు భారత్ భాగస్వామి. 2014 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం సుమారు 1,300 కోట్ల రూపాయలకు ఆమోదం తెలిపింది. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ ఈ పనికి ముందుంది, 492 అద్దం ముక్కల్లో కొన్నింటికి మెరుగు పెట్టే పని మన దగ్గరే. ఆ వార్త వచ్చినప్పుడు మన పత్రికలు దేశానికి దక్కిన గౌరవం అని రాశాయి, తప్పు లేదు, విశ్వాన్ని అంత దూరం చూడగల కన్ను ఎవరికి చేదు? ఆ కన్ను ఎవరి కొండ మీద పెడుతున్నారన్న ప్రశ్న మాత్రం ఆ కథనాల్లో నాకు కనబడలేదు. మౌనకేయా కథను ఇక్కడ ఎవరైనా రాయదలిస్తే అద్దాల లెక్కతో పాటు ఆ పాట ఎవరు కట్టారో కూడా రాయాలి.